రాగి బాయిలరులో అయిదు దెబ్బలు

తిమ్మరాయప్ప ఇంట్లో కొత్త రాగి బాయిలరు పెట్టి ఆరు రోజులయింది. దాన్ని బిగించిన గురప్పను పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టి రెండు రోజులయింది. శనివారం పొద్దున పావు తక్కువ ఆరుకు పత్తేదారు వెంకటరమణప్ప ఆ ఇంటి గడప దాటేటప్పటికి అతనికి తెలిసింది ఈ రెండు సంగతులే.

నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్లు మీటర్లు చదివిన మనిషి అతను. దొంగనీళ్లు వాడేవాళ్లను పట్టుకోవడంలో చెయ్యి తిరిగాక, పింఛను పుచ్చుకుని, తప్పిపోయిన మనుషులను వెతికే పనిలోకి దిగాడు. నిజానికి బాయిలరు చప్పుడు గురించి తీరుబడిగా ఆలోచించే స్థితిలో లేడు. హొసకోటెకు చెందిన సుబ్బరాయుడనే బ్లాకుల పనివాడు నలభై రోజులుగా కనబడడంలేదు. అచ్చుయంత్రాలకు జింకు రేకుల మీద బొమ్మలూ అక్షరాలూ దించి ఇవ్వడం అతని వృత్తి. అతని భార్య వారానికోసారి వచ్చి, ఏమీ అడగకుండా గుమ్మం దగ్గర నిలబడి పోతోంది. సరిగ్గా ఆ నలభై రోజుల్లోనే ఊళ్లో నకిలీ చక్కెర కూపన్లు పుట్టుకొచ్చాయి. ఈ రెండూ ఒకే కేసని వెంకటరమణప్ప మొదటి వారంలోనే ఇన్‌స్పెక్టర్ పిల్లప్పకు చెప్పాడు. పిల్లప్ప నవ్వి, మీటర్లు చదివినంత సులువు కాదులే అని పంపేశాడు.

అయినా తిమ్మరాయప్ప కబురు పెడితే రాక తప్పలేదు. పట్టునూలు వ్యాపారి అయిన తిమ్మరాయప్ప అతనికి చిన్ననాటి స్నేహితుడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు అతని కూతురు పద్మావతికి ఆడపిల్ల పుట్టింది. రేపు ఆదివారం పేరు పెడుతున్నారు. ఇల్లంతా సాంబ్రాణి పొగ, ఎదురు పడ్డవాళ్లందరి మొహాల్లోనూ నవ్వు. మనవరాలికి పొగచూరిన అండాలో నీళ్లు కాచడమేమిటని తాతగారు సరదాపడి కొన్నదే ఆ బాయిలరు.

మొదటి రోజు నుంచీ అది మోగుతోంది. పాత బాయిలరుకు మెరుగు పెట్టి అంటగట్టారేమోనని తిమ్మరాయప్పకు అనుమానం వచ్చి, స్టేషన్లో ఒక మాట వేశాడు. పోలీసులు గురప్ప పనిముట్ల సంచీ సోదా చేస్తే అందులో రెండు నకిలీ చక్కెర కూపన్లు దొరికాయి. నెల్లాళ్లుగా చేతికేమీ చిక్కని పిల్లప్పకు ప్రాణం లేచొచ్చింది. గురప్పను లోపల వేశాడు. ఎనిమిదింబావుకు బండితో వచ్చి, సాక్ష్యం కింద బాయిలరునూ ఊడదీసి పట్టుకుపోతానని కబురంపాడు.

"నా నోటితోనే ఒక పనోణ్ని జైలుకు పంపినానేమో అప్పా. రెండు దినాలుగా అన్నం దిగడంలేదు," అన్నాడు తిమ్మరాయప్ప.

వెంకటరమణప్ప మొదట కెంపమ్మను పిలిపించాడు. పసిబిడ్డలకు నీళ్లు పోయడంలో ఆ పేటంతటికీ ఆమెదే పెద్ద చెయ్యి. బాయిలరులో దయ్యముందని ఇంటికొచ్చిన చుట్టాలు బెదిరిపోతే, ఆమె మాత్రం దాని పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉంది.

"నీళ్లు కాగేటప్పుడు గురగురమంటాది, ఉడుకెక్కితే బుస కొడతాది. అది నాకు తెలీనిదా సామీ? ఇది పొయ్యి ముట్టించకముందే కొడతాండాది," అంది ఆమె.

అంటే ఆవిరి కాదు. వెంకటరమణప్ప జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ ఒక్క మాట రాసుకున్నాడు.

పద్మావతి గది స్నానాల గదికి ఆనుకునే ఉంది. బిడ్డను ఒళ్లో వేసుకుని ఆమె చెప్పిన సాక్ష్యం అందరికన్నా పనికొచ్చింది. బిడ్డకు పాలివ్వడానికి లేస్తూ గోడ గడియారం చూడడం ఆమెకు అలవాటయింది. దెబ్బలు మొదలయ్యేది ఆరూ పదికి. ఆ తర్వాత పావుగంటకోసారి. ప్రతిసారీ అయిదే. ఎనిమిది దాటాక వినబడవు. గురువారం మాత్రం అసలు లేవు.

గురువారం ఇంట్లో ఏం జరిగిందని అతను అడిగాడు. ఆమె ఆ రోజు వీధిలో ఎవరికీ కొళాయి నీళ్లు రాలేదని చెప్పింది. అతను లేవబోతుంటే ఆపి, ఇంకో మాట అంది.

"నాకొకటి తోస్తాండాది మామా. యంత్రానికి అలుపుండదు గదా? దీనికుండాది. మొదటి దెబ్బ గట్టిగా పడతాది, అయిదోది వచ్చేసరికి నీరసంగా ఉంటాది. ఎవరో మనిషి కొడతాండట్ల ఉండాది."

ఆ మాటను వెంకటరమణప్ప రాసుకోలేదు. రాసుకోకపోయినా మరిచిపోయే మాట కాదు.

ఆరు కొట్టింది. కొళాయిల్లో నీళ్లొచ్చాయి. అతను ఇంట్లోని అన్ని కొళాయిలనూ స్వయంగా కట్టేసి, వీధి గుమ్మం పక్కనున్న మీటరు గుంట మూత తీసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంట్లో చుక్క నీరు వాడనప్పుడు మీటరు ముల్లు కదలకూడదు. ఆరూ పదికి ముల్లు కదిలింది. గిర్రున తిరిగి, ఠక్కున ఆగింది. అదే క్షణంలో లోపల బాయిలరు ధణ్ మంది. ముల్లు మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది, మళ్లీ ధణ్. అయిదుసార్లు.

అతనికి నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ల కొలువులో ఈ చప్పుడు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. జోరుగా పారే నీటిని ఎవరైనా ఒక్కసారిగా కట్టేస్తే, ఆ నీటి ఊపంతా పైపును సుత్తిలా కొడుతుంది. మర తిప్పే కొళాయి నెమ్మదిగా మూసుకుంటుంది కనుక చప్పుడుండదు. పిడి పావు తిప్పు తిప్పితే మూసుకునే రకానికే అంత దెబ్బ. అలాంటిది ఈ ఇంట్లో ఒక్కటీ లేదు.

స్నానాల గదిలోకి వచ్చి పైపు వెంట చెయ్యి పోనిచ్చాడు. గురప్ప వేసిన కొత్త ఇనుప పైపు మరచుట్లతో నిక్కచ్చిగా ఉంది. ఒక్కటే లోపం. పైపును గోడకు పట్టీలతో బిగించలేదు. అందుకే దెబ్బ పడినప్పుడల్లా అది ఊగి బాయిలరును తాకుతోంది, రాగి డొల్ల గంటలా మోగుతోంది. ఇదివరకున్న సీసపు పైపు మట్టిగోడలో కూరుకుని ఉండేది కనుక దెబ్బలు పడినా ఎవరికీ వినబడలేదు.

మరి దెబ్బ కొట్టేది ఎక్కడ? నేలకు జానెడు ఎత్తున గోడ మట్టి ఒకచోట రంగు తేడాగా ఉంది. వెంకటరమణప్ప కత్తితో గీకాడు. పాత సీసపు పైపు మిగిలిన ముక్క కనబడింది. దాని నుంచి ఇంకో సన్నటి సీసపు పాయ గోడ అవతలికి పోతోంది. అతుకు పెట్టిన తగరం ఇంకా తళతళలాడుతోంది. గురప్ప పనంతా మరచుట్ల పని. అతుకు వేసిన చెయ్యి వేరు.

గోడ అవతల ఏముందని అడిగితే తిమ్మరాయప్ప తేలిగ్గా కొట్టేశాడు. అది బియ్యం గోదాము. దొంగ నిల్వల కేసులో సర్కారువాళ్లు ఏడాదిన్నర కిందట సీలు వేశారు, నీళ్లు కూడా కత్తిరించేశారు, అందులో ఎవరూ లేరు అన్నాడు.

ఆరూ ఇరవై అయిదు. ధణ్, ధణ్. అయిదు దెబ్బలు. ఆరూ నలభై. మళ్లీ అయిదు.

వెంకటరమణప్ప పుస్తకం మూసి, కెంపమ్మ పీట లాక్కుని కూర్చున్నాడు. పావుగంటకోసారి నీళ్లు కావలసిన పని ఏమిటి? వంట కాదు, స్నానం కాదు, బట్టలుతకడం కాదు. అలా కూర్చుని ఉండగా సుబ్బరాయుడి దుకాణం గుర్తొచ్చింది. నెల కిందట అక్కడ వెతుకుతూ, పక్క దుకాణం ముసలాయనను బ్లాకు ఎలా తయారవుతుందని అడిగాడు. జింకు రేకును లోహాన్ని కొరికే ద్రావకంలో పెడతారు. పావుగంటకోసారి తీసి నీళ్లతో కడుగుతారు. మళ్లీ పెడతారు.

అతను చటుక్కున లేచాడు. కెంపమ్మ ఏమైంది సామీ అని అడిగినా వినిపించుకోలేదు. కడగడానికి కొళాయి ఒకసారి కడితే చాలు. అయిదుసార్లు కట్టక్కర్లేదు, ఎవరైనా వినాలని తప్ప.

సర్కారు సీలున్న గోదామును పోలీసులు లేకుండా తెరిచే వీల్లేక వేచి చూశాడు. ఎనిమిదింబావుకు పిల్లప్ప వచ్చాడు. తన కింద పనిచేసే దఫేదారు చిక్కమునియప్పను బండి దగ్గర నిలబెట్టి, గురప్పను వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. రెండు రోజులకే గురప్ప మొహం పీక్కుపోయింది. వచ్చీరాగానే అతని చూపు బాయిలరు మీదికి పోయింది. తను కట్టిన పైపును ఎవరైనా కదిలించారేమోనని అతని బెంగ.

పిల్లప్ప వెంకటరమణప్పను చూసి, మీటరు చదవడానికి వచ్చినావా అప్పా అని వెటకారమాడాడు. వెంకటరమణప్ప కోపం తెచ్చుకోలేదు. గోడలోని పాయ చూపించాడు, వేళలు చెప్పాడు, గోదాము వెనక తలుపు తెరవమన్నాడు. పిల్లప్ప ససేమిరా అన్నాడు. సర్కారు సీలు వేసిన ఆస్తి, పైవాళ్ల ఉత్తర్వు లేనిదే ముట్టుకోవడానికి లేదన్నాడు. ఇంత కథ అల్లింది గురప్పను విడిపించడానికేనన్నాడు.

"సరే, ఉత్తర్వు వద్దు, తాళమూ వద్దు. టోపీ తీసి ఈ పైపు మీద చెవి పెట్టండి. అంతే," అన్నాడు వెంకటరమణప్ప.

కొళాయిల్లో నీళ్లు ఆగిపోయి పావుగంటయింది. ఇప్పుడు నీటి దెబ్బ పడే వీలే లేదు. కెంపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటుంటే, పిల్లప్ప టోపీ తీసి చంకలో పెట్టుకుని, తడినేల మీద వంగి, సీసపు పైపుకు చెవి ఆనించాడు. వెంకటరమణప్ప రెంచీతో పైపు మీద మూడుసార్లు తట్టాడు.

ఏమీ లేదు. పిల్లప్ప తల ఎత్తబోయి, ఆగిపోయాడు.

"కొడతాండారు," అన్నాడు. గొంతు తగ్గింది. "మూడు."

వెంకటరమణప్ప రెంచీ అతని చేతిలో పెట్టాడు. పిల్లప్ప ఏడుసార్లు తట్టాడు. అవతలి నుంచి వచ్చినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏడు. తొమ్మిదిసార్లు తట్టాడు. తొమ్మిది వచ్చాయి, పదోది వచ్చింది, పదకొండోది వచ్చింది, ఇక ఆగలేదు. ఎన్నాళ్లకో పలికేవాళ్లు దొరికిన మనిషి కొడుతున్నట్టు వస్తూనే ఉంది. పిల్లప్ప చెవి తీయకుండా అలాగే ఉండిపోయాడు.

లేచి టోపీ పెట్టుకున్నాక వెటకారమేమీ మిగల్లేదు. పదండి అన్నాడు.

గోదాము ముందు తలుపు మీద లక్కసీలు చెక్కుచెదరలేదు. వెనక సందులోని తలుపుకు తాళం మాత్రమే ఉంది. తాళంచెవి స్టేషన్లో ఉందనీ, తను పోయి అరగంటలో తెస్తాననీ చిక్కమునియప్ప చెప్పాడు. వెంకటరమణప్ప తాళం కన్నంలో చిటికెనవేలు పెట్టి పిల్లప్పకు చూపించాడు. వేలికి తాజా నూనె అంటుకుంది. ఏడాదిన్నరగా తీయని తాళానికి నూనె పోసిందెవరు? పిల్లప్ప బండిలోంచి గురప్ప సంచీ తెప్పించాడు. గురప్ప పెద్ద రెంచీతో రెండు పట్లలో కొక్కెం ఊడదీశాడు. గుమ్మం దగ్గర జనం చేరకుండా చూడమని చిక్కమునియప్పకు చెప్పి, ముగ్గురూ లాంతరుతో లోపలికి వెళ్లారు.

రెండు ఖాళీ గదులు దాటాక మూడోదానికి మందపాటి తలుపు, దానికి బయటివైపు ఇనుప అడ్డగడియ. గడియ తీశారు. బల్ల మీద ద్రావకం జాడీలు, జింకు రేకులు. గోడ మూల ఇత్తడి పిడి కొళాయి. దాని కింద, కాలికి గొలుసుతో, చేతికున్న రాగి కడియంతో సీసపు పైపును ఇంకా తడుతూ ఒక మనిషి. వేళ్లన్నీ ద్రావకానికి పసుప్పచ్చగా మారి ఉన్నాయి.

"సుబ్బరాయుడేనా?" అన్నాడు వెంకటరమణప్ప.

ఆ మనిషి తల ఊపాడు. ఊపుతూనే నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. గురప్ప కూర్చుని గొలుసు తెంచే పనిలో పడ్డాడు. సుబ్బరాయుడు మాటలు కూడదీసుకుని చెప్పాడు. పొద్దున నీళ్లొచ్చేవేళకు ఒకడు మొహానికి తువాలు చుట్టుకుని వస్తాడు. తలుపవతల కూర్చుని పని చేయిస్తాడు. నీళ్లు ఆగగానే పనిముట్లు తీసుకుని పోతాడు. అరిస్తే ఆ మందపాటి గోడలు దాటదు. ఆరు రోజుల కిందట రేకు కడిగి కొళాయి విసురుగా కట్టేస్తే ఎక్కడో గంట మోగినట్టయింది. పైపుకు చెవి పెడితే బిడ్డ ఏడుపు, ఎవరో ఆడమనిషి లాలిపాట వినబడ్డాయి. అప్పటినుంచి రేకు కడిగినప్పుడల్లా అయిదుసార్లు కట్టాడు. తలుపవతలివాడికి అది కడుగుతున్న చప్పుడే.

"పాట విన్న దినం నుంచి నాకు భయం పోయిందయ్యా. మనుషులు పక్కనే ఉండారు, ఎప్పుడో ఒకప్పుడు వింటారనుకున్నా," అన్నాడు.

 గుమ్మం దగ్గర మాటలేకుండా నిలబడే సుబ్బరాయుడి భార్యకు ఈ సాయంత్రం తను చెప్పబోయే వార్త తలుచుకుంటే వెంకటరమణప్పకు పాతికేళ్లు తగ్గినట్టయింది. పిల్లప్ప ఆ పక్కన గురప్ప భుజం మీద చెయ్యి వేసి, నిన్ను విడిచిపెట్టినాను అప్పా, రేపు ఆ పైపుకు పట్టీలు మాత్రం వెయ్యి అన్నాడు. గురప్ప సిగ్గుపడ్డాడు. పట్టీలు గురువారం సాయంత్రం వేద్దామనుకున్నానని, అంతలోనే తీసుకుపోయారని గొణిగాడు.

అప్పుడు బయటి గదిలోంచి గొంతు వినబడింది. "సార్, లోపల ఏమన్నా దొరికిందా?"

సుబ్బరాయుడి వేళ్లు వెంకటరమణప్ప మణికట్టును బిగించి పట్టుకున్నాయి.

"ఈ గొంతే," అన్నాడు.

పిల్లప్ప విన్నాడు. గురప్ప సంచీ సోదా చేసి కూపన్లు బయటకు తీసింది చిక్కమునియప్పే. వెనక తలుపు తాళంచెవి ఉండేదీ అతని దగ్గరే. రోజూ ఎనిమిది దాటాకే డ్యూటీకి వచ్చేదీ అతనే. పైపు మార్చడానికి గోడ తవ్విన గురప్ప ఆ సీసపు పాయను ఎక్కడ గుర్తుపడతాడోనని చిక్కమునియప్పే ఆ కూపన్లు సంచీలో పెట్టి, ముందే లోపల వేయించాడు. ఇదంతా పిల్లప్ప మొహంలో ఒక్కొక్కటే కనబడింది. అయినా గొంతు మారనివ్వలేదు. లాంతరులో నూనె అయిపోతాండాది, ఇంకోటి తీసుకొని లోపలికి రా అని పిలిచాడు.

అడుగులు దగ్గరకొచ్చాయి. తలుపు దగ్గర ఆగాయి. తలుపు దభాలున మూసుకుంది, ఇనుప అడ్డగడియ పడింది. బూట్లు పరుగెత్తిన చప్పుడు, అంతే.

పిల్లప్ప భుజంతో తలుపును రెండుసార్లు గుద్దాడు. కదల్లేదు. పోతే పోనీ, ఎక్కడికి పోతాడు, సాయంత్రంలోగా పట్టుకుంటానన్నాడు. సుబ్బరాయుడు బల్ల వైపు చూపించాడు. వాడు పారిపోయే మనిషి కాదన్నాడు. నిన్న చేయించిన బ్లాకు కూపనుది కాదు. దాని నకలు తీసిన కాగితం ఒకటి బల్ల మీద పడి ఉంది. వెంకటరమణప్ప దాన్ని లాంతరు దగ్గర పెట్టాడు. సర్కారు రేషన్ డిపోలోని చక్కెర నిల్వనంతా పోలీసు బండ్లలోకి ఎక్కించమని ఉత్తర్వు. కింద స్టేషను ముద్ర. ముద్ర మీద, మెలిక తిరిగిన తోకతో సహా, ఇన్‌స్పెక్టర్ పిల్లప్ప సంతకం.

తేదీ ఈ రోజుది.

పిల్లప్ప కాగితం అందుకుని సంతకాన్ని వేలితో తడిమాడు. ఆ ఉత్తర్వుతో చక్కెర బయటికి పోతే దొంగ ఎవరని లోకం అంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడేం చేద్దామన్నా?" అన్నాడు. పదేళ్ల పరిచయంలో వెంకటరమణప్పను అన్నా అని పిలవడం అదే మొదలు.

వెంకటరమణప్ప గడియారం తీశాడు. తొమ్మిదీ అయిదు. డిపో తెరిచేది పదింటికి. యాభై అయిదు నిమిషాలుండాయి, తొందరేముంది అంటూ చొక్కా చేతులు మడవసాగాడు.

గురప్ప అప్పటికే లాంతరు పట్టుకుని తలుపు బందులు తడుముతున్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి అతని మొహం విప్పారింది.

"ఈ తలుపు బిగించినోడు పని తెలిసినోడు కాదు సామీ," అన్నాడు సంచీలోంచి తిరుగుళి తీస్తూ. "బందుల మరలన్నీ మన పక్కనే ఉండాయి."